ట్రాక్ గొంతు

సువార్త చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. రేపు గుంటూరు నుంచి పాడే అమ్మాయి వస్తోందని, ఆలోపు మైకు సంగతి చూడమని భర్త బెంజిమిన్ మెట్ల మీద నుంచే చెప్పి బయటికి వెళ్లాడు. మైకు పాడైనప్పటి నుంచి అతను ఆమెతో అన్న మాటల్లో అదే కాస్త నెమ్మదైనది.

నరసరావుపేటలో వాళ్ల మేడ మీద గదే స్టూడియో. అక్కడ అతను చర్చి పాటలు రికార్డు చేస్తాడు. ఏ పాటైనా ముందు సువార్తే పాడాలి. దాన్ని ట్రాక్ అంటారు. రాగం ఎటు తిరుగుతుందో, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ఆమె గొంతు విని నేర్చుకుని, పేరున్నవాళ్లు పాడి వెళ్తారు. వాళ్లు వెళ్లాక బెంజిమిన్ ఆమె గొంతు చెరిపేస్తాడు. పెళ్లయిన నాటి నుంచీ అంతే. పాతకాలపు పద్ధతిలో లోపల గాజు వాల్వు వెలిగే ఈ మైకు కొన్నప్పుడు మాత్రం, ఒక పాట నీ పేరు మీదే చేద్దాంలే అన్నాడు. అడగకుండా వచ్చిన మాట కాబట్టి ఆమె నమ్మింది. తన తల్లి పత్తి తీస్తూ పాడుకునే పాటను గిన్నెలు తోముతూ, బట్టలు ఆరేస్తూ మనసులో సాధన చేసుకుంది.

కొన్నాళ్లకు మైకు చిటపటలాడటం మొదలుపెట్టింది. కోడలు తడిగుడ్డ పెట్టి తుడిచిందని అత్త ఆరోగ్యమ్మ తేల్చేసింది. ఆదివారం చర్చిలో ఆడవాళ్ల మధ్య కూర్చుని, "మా కోడలి చేతిలో గరిటె తప్ప ఏదీ బతకదమ్మా" అని నవ్వించింది. మైకును చంపినదానికి మళ్లీ పాట కూడానా అన్నాడు బెంజిమిన్. పొడిగుడ్డతో తప్ప ముట్టలేదని సువార్త ఒకసారి చెప్పింది. రెండోసారి చెప్పలేదు.

అయినా దాన్ని బాగుచేసే పని ఆమెకే అప్పజెప్పడం ఆ ఇంట్లో ఎవరికీ వింతగా తోచలేదు. నడికుడిలో ఆమె తండ్రి యోహాను రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేసేవాడు. ఆయన పక్కన కూర్చుని టంకం పెట్టడం నేర్చుకుంది. అత్తింటికి ఆ సంగతి మిక్సీ ఆగినప్పుడే గుర్తొస్తుంది.

పైకెళ్లి వైరు మార్చి చూసింది. చిటపట పోలేదు. మైకుకు కరెంటిచ్చే పెట్టెను మీటరు పెట్టి చూస్తే సరిగానే ఉంది. అన్నీ ఆపి, లోపల నిలవున్న కరెంటు దిగేదాకా ఆగి, తొడుగు విప్పి వాల్వు మార్చింది. మళ్లీ అదే చప్పుడు. మరోసారి ఆపి, టార్చి దగ్గరగా పెట్టి చూసింది. వాల్వు కూర్చునే చోట, పైనుంచి సన్నటి తీగ దిగే చోట జిడ్డు. దాని మీద దుమ్ము నల్లగా అంటుకుపోయింది. దూదితో తీసి వాసన చూసింది. ఆలివ్ నూనె.

మైకు ఇంటికి వచ్చిన రోజు ఆమె వంటింట్లో, ప్రార్థనకు వచ్చినవాళ్ల కోసం పులిహోర కలుపుతోంది. పాస్టరుగారు ప్రార్థించి ఇచ్చిన నూనె సీసాతో అత్త పైకెళ్లింది. "పైన రాస్తే లోపలికెట్లా చేరుద్దిరా, ఇప్పు" అనడం మెట్ల మీదుగా వినపడింది. ఇప్పిందీ, రాసిందీ బెంజిమినే.

దూదికి స్పిరిట్ అద్ది ఓపిగ్గా తుడిచింది. అది ఆరేలోపు కిందికొచ్చి అన్నం వండింది, అత్తకు టీ ఇచ్చింది, కూర పొయ్యి మీద పెట్టింది. మళ్లీ పైకెళ్లి అన్నీ బిగించి హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే చిటపట లేదు. తన ఊపిరి ఒక్కటే వినిపించింది.

బెంజిమిన్ వచ్చాక ఆ నల్లటి దూది చూపించింది. అతను వాసన చూసి గొంతు తగ్గించాడు.

"అమ్మతో అనబాకు. ప్రార్థన నూనె వల్ల చెడిందంటే చానా బాధపడుద్ది. నువ్వే తడిగుడ్డతో తుడిచావనుకోనీ, నీకేం పోయింది?"

"మరి నా పాట?"

"చూద్దాంలే. ముందు రేపటికి ట్రాక్ కానీ."

ఆమె మైకు ముందు నిలబడింది. సంగీతం మొదలైంది. ఆమె అందుకోవాల్సిన చోటు వచ్చింది, దాటిపోయింది. అతను ఆపి మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ దాటిపోయింది.

"పాడవేమే?"

సువార్త గొంతు పెంచలేదు. ఆ మైకుకు పెంచనక్కర్లేదు.

"చెరపడానికైతే పాడను."

కంప్యూటర్ తెర మీద ఆ మాట చిన్న గీతలా లేచి సద్దుమణిగింది. బెంజిమిన్ చెయ్యి మౌస్ మీదే ఉండిపోయింది. కింద నుంచి అత్త, కూర మాడుతోందని కేకేసింది. అదీ రికార్డయింది.

సువార్త కదల్లేదు.