మరీ మంచి రీడింగు

ఎస్తేరమ్మ రేడియో సెట్టు ఆపి, వెనక నుంచి నల్ల కేబులు విప్పి, రెంటికీ మధ్య మీటరు బిగించింది. మరను వేళ్ళతోనే తిప్పింది. పట్టకారు పెడితే మర అరిగిపోతుందని ఆమె వాదన, ఎవరు చెప్పినా వినదు. కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చి, సెట్టు వేసి, మైకు నొక్కి ముల్లు చూసింది. పైకి వెళ్ళే పవరు నలభై వాట్లు. యాంటెన్నా పుచ్చుకోక తిరిగొచ్చేది అర వాటు.

“నీ పాడుగాను,” అని ముల్లును తిట్టి, రిజిస్టరులో రాసుకుంది.

మంఖాల్ దాటాక రావిర్యాల వైపు ఉన్న చిన్న గుట్ట మీద ఆ టవరు. దాని కింద ఒక గది. ఆ చుట్టుపక్కల తిరిగే అంబులెన్సులు ఆసుపత్రితో మాట్లాడేది ఆ గదిలోని సెట్టు ద్వారానే. ఇరవై రెండేళ్ళ క్రితం ఎస్తేరమ్మ అక్కడికి ఊడ్చే పనికి వచ్చింది. రోజూ గుట్ట ఎక్కడానికి బద్ధకించిన అప్పటి ఇంజనీరు ఆమెకు మీటరు చూడటం నేర్పి, తాను కింద టీ కొట్టు దగ్గరే ఉండిపోయాడు. ఆయన బద్ధకం పుణ్యమా అని ఆమెకు ఒక విద్య అబ్బింది. చీపురు మాత్రం చేతి నుంచి పోలేదు. పొట్టి మనిషి, మోకాళ్ళ నొప్పులు. తొండుపల్లి నుంచి రెండు ఆటోలు మారి వస్తుంది. గుట్ట ఎక్కేటప్పుడు మాత్రం మధ్యలో ఆగదు. ఆగితే ముసలిదైపోయిందంటారని పట్టుదల.

తిరిగొచ్చే పవరు తగ్గితే యాంటెన్నా బాగున్నట్టు. ఈ పనిలో ఉన్నవాళ్ళు ఎవరైనా ఆ మాటే చెబుతారు. ఇక్కడ ఇన్నేళ్ళూ రెండు వాట్లు తిరిగొచ్చేది. మొన్నటి వానలకు ఒకటైంది, ఈ వారం అర అయింది. పాత యాంటెన్నా ఉన్నట్టుండి పడుచుదైపోతుందా? వెళ్ళే పవరును దారిలో కేబులే తాగేస్తుంటే తిరిగి రావడానికి ఏం మిగులుతుంది? పైగా మూడు రోజులుగా రావిర్యాల వైపు వెళ్ళిన బండ్ల మాటలు గరగరలో సగం మునిగిపోతున్నాయి.

పది గంటలకు మేనేజరు హరిప్రసాద్ వచ్చాడు. కాకినాడ మనిషి, మర్యాదస్థుడు. గదిలో ఇప్పుడొక కొత్త పెట్టె ఉంది. అది రీడింగులను నేరుగా శంషాబాద్ ఆఫీసు తెర మీదికి పంపుతుంది. అంతా బాగుందని ఎస్తేరమ్మ సంతకం పెడితే రేపటి నుంచి గుట్ట మీద మనిషి అక్కర్లేదు. ఆమెకు ఆఫీసులో కుర్చీ ఇస్తారు. కూతురు జెరూషా ఇంకా డిగ్రీ చదువుతోంది. యాభైకి దగ్గరపడ్డ మనిషిని కొత్తగా పనిలో ఎవరు పెట్టుకుంటారు? ఆ కుర్చీ ఆమెకు కావాలి. చాలా కావాలి.

“తెర మీద అంతా పచ్చగా ఉందమ్మా. ఈ సైటు ఇంత బాగా ఎప్పుడూ లేదు. సంతకం పెట్టేయండి,” అంటూ హరిప్రసాద్ మేజా మీద కాగితం పరిచాడు.

“గదే కద సార్ నా పరేషాన్. గింత మంచిగ ఎన్నడు లేదు. కేబుల్ల నీళ్ళు దిగినయ్.”

“మీటరు బాగుందంటుంటే మీరు బాగాలేదంటారేంటండీ? రిపోర్టు కూడా పైకి పంపేశాను. మీరు పెట్టకపోతే ఆ సీటు ఇంకొకరికి వెళ్ళిపోతుంది. నా చేతుల్లో లేదు.”

“నేను పెట్ట.”

అన్నాక చేజారే కుర్చీ గుర్తొచ్చింది. భయమే, దాచుకోవడానికేముంది? కానీ భయం కంటే ఒళ్ళుమంట ఎక్కువైంది. ఇన్నేళ్ళు రాసిన రిజిస్టర్లను తిరగేసి చూసినవాడు లేడు గానీ, నిన్నగాక మొన్న వచ్చిన పెట్టె మాట వేదమా?

కొత్త పెట్టె తీగలు బిగించడానికి వచ్చిన సత్తయ్య గుమ్మంలో నిలబడ్డాడు. టవర్లెక్కడమే అతని పని.

“సత్తన్నా, మీటరు తీస్కొని జర పైకెక్కు. యాంటెన్న కాడ ఎంత వస్తుందో చూడు.”

“ఎవరు చెప్పారు ఎక్కమని?” అన్నాడు హరిప్రసాద్.

సత్తయ్య ఆయన్ను చూశాడు, ఆమెను చూశాడు. నడుముకు బెల్టు కట్టుకున్నాడు. ఎస్తేరమ్మ మైకులో అంబులెన్సు డ్రైవర్లకు, “పది నిమిషాలు ఫోన్లనే మాట్లాడుకోండ్రి బిడ్డా,” అని చెప్పి సెట్టు ఆపింది. మైకును ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పైన మనిషి చేతులు యాంటెన్నా మీద ఉన్నంతసేపు మైకును ఇంకొకరిని ముట్టనివ్వదు, నొక్కితే అతని చేతులు కాలతాయి. విమానం ఒకటి తలమీదుగా దిగిపోయింది. హరిప్రసాద్ వాచీ చూసుకున్నాడు.

మీటరు బిగించి చేతులు తీశానని సత్తయ్య పైనుంచి కేకేశాక ఆమె సెట్టు వేసి మైకు నొక్కింది.

“ఎస్తేరక్కా! పదారు! పదారు దాటుతలేదు!”

కింద నలభై, పైన పదహారు. మిగిలింది కేబులే తాగేసింది. హరిప్రసాద్ మొహం చిన్నబోయింది. అయినా, “ఆ మీటరే పాతదేమో. పంపిన రిపోర్టు వెనక్కి తీసుకోలేనమ్మా. మీరిక రేపటి నుంచి రావక్కర్లేదు,” అన్నాడు.

“గట్లనే ఉండనియ్యండ్రి సార్. నా పేరు మాత్రం దాంట్ల ఉండొద్దు.”

సత్తయ్య దిగాడు. ఆమె సెట్టును గది కప్పు మీద అవసరానికని ఉంచిన పొట్టి యాంటెన్నాకు మార్చి రావిర్యాల బండిని పిలిచింది.

“ఇప్పుడు సాఫ్ ఇనొస్తుందమ్మా!” అన్నాడు డ్రైవరు.

అప్పుడు రంపం తీసుకుని బయటికి నడిచింది. టవరు అడుగున కేబులు వంపు తిరిగిన చోట కోత పెట్టింది. “ఆగండి, అది కంపెనీ ఆస్తి!” అంటూ హరిప్రసాద్ వెంటపడ్డాడు. నల్ల తోలు తెగగానే నీళ్ళు ఆయన బూట్ల మీద పడ్డాయి. ఆయన వెనక్కి గెంతాడు. ఆమె మూరెడు ముక్క కోసి లోపలికి తెచ్చింది. తర్వాత కొంగుతో చేతులు తుడుచుకుని, గది తాళంచెవి సత్తయ్యకిచ్చి, టిఫిను సంచీ భుజాన వేసుకుని గుట్ట దిగిపోయింది. దిగేటప్పుడు కూడా ఎక్కడా ఆగలేదు.

హరిప్రసాద్ గదిలోకి వచ్చేసరికి మేజా మీది కాగితంలో ఖాళీగా ఉన్న సంతకం గడికి అడ్డంగా, మూరెడు నల్ల కేబులు ముక్క ఉంది. కోసిన కొస నుంచి చిలుము నీళ్ళు కాగితం మీదికి ఇంకా కారుతున్నాయి.