అమ్మ తర్వాతి వంతు

మా అమ్మకి తొంభై ఒకటి. నాకు అరవై తొమ్మిది. మా ఇద్దరిలో ముసలిదాన్ని నేనే. నమ్మకం లేకపోతే మా కుట్టు దుకాణానికి వచ్చి చూడండి. అమ్మ కటింగ్ బల్ల దగ్గర నిటారుగా నిలబడి ఉంటుంది. నేను యాభై ఏళ్ళుగా మిషన్ మీద వంగి కుట్టినదాన్ని, నా నడుము కొడవలిలా తయారైంది. కొత్తగా వచ్చినవాళ్ళు నేరుగా నా దగ్గరికొచ్చి, అమ్మని చూపిస్తూ, "మామ్మగారూ, మీ అమ్మాయి ఖాళీగా ఉన్నారా? కొలతలివ్వాలి" అంటారు. ఇక ఆ రోజంతా అమ్మని పట్టడం మా తరం కాదు.

మా దుకాణంలో ఒక పద్ధతి ఉంది. అమ్మమ్మ పెట్టింది. పెద్ద కత్తెర ఒక్కరి చేతిలోనే ఉండాలి. కొలతలు తీయడం, సుద్దతో గీయడం, బట్ట కోయడం అన్నీ ఆ ఒక్కరివే. రెండో మనిషి మిషన్ కుట్టాలి. మూడో మనిషి కాజాలు, గుండీలు, అంచులు చూసుకోవాలి. పై మనిషి కన్నుమూస్తేనే కింది మనిషి ఒక మెట్టు ఎక్కుతుంది. ఇలా ఎందుకని ఎవరూ అడగలేదు. మా ఇంట్లో కాఫీలో పంచదార ఎంత అన్నదాని మీద కూడా గంటసేపు వాదన జరుగుతుంది గానీ, కత్తెర దగ్గర మాత్రం అందరం నోరు మూసుకుంటాం.

నేను పందొమ్మిదో ఏట మిషన్ ముందు కూర్చున్నాను. అప్పటి నుంచీ నా ఎదురుగా అదే బల్ల, అదే కత్తెర, అదే అమ్మ. కరకరమని బట్ట తెగే చప్పుడు వినపడితే ఇప్పటికీ నా కుడిచేతి వేళ్ళు వాటంతటవే కదులుతాయి. కోయడమంటే నాకు అంత పిచ్చి. ఎవరూ లేనప్పుడు పాత పేపర్ల మీద కోట్లు కోసుకునేదాన్ని. ఆ కాగితపు కోట్లన్నీ మడిచి, మంచం కింద పెట్టెలో దాచేదాన్ని.

అమ్మకి డెబ్బై వచ్చేసరికి కళ్ళల్లో శుక్లాలు ముదిరాయి. గీత కనపడక ఒకటికి రెండుసార్లు తడుముకునేది. ఇక నా వంతు వచ్చేసిందనుకున్నాను. అప్పుడు నాకు నలభై ఎనిమిది. కళ్ళ డాక్టరు రెండు పూటల్లో రెండు కళ్ళూ బాగుచేసి పంపించాడు. ఇంట్లో అడుగుపెట్టగానే అమ్మ చుట్టూ చూసి, "ఈ గోడకి రంగు ఎవడేశాడే, ఇంత దరిద్రంగా?" అంది. డెబ్బై తొమ్మిదో ఏట తుంటి విరిగితే స్టీలుది పెట్టారు. ఎనభై ఒకటో ఏట గుండె నెమ్మదిస్తే, మెడ ఎముక కింద చర్మంలో చిన్న బ్యాటరీ పెట్టె అమర్చారు. ఆపరేషన్ జరిగిన ప్రతిసారీ బయట బెంచీ మీద కూర్చుని నిజంగానే ఏడ్చాను. అమ్మ ఇంటికొచ్చి కత్తెర అందుకున్న ప్రతిసారీ వంటింట్లోకి వెళ్ళి మళ్ళీ ఏడ్చాను. ఆ రెండో ఏడుపు ఎందుకో ఎవరికీ చెప్పుకోలేను.

చెప్పుకోకపోయినా నా కోడలు కనిపెట్టేసింది. దానికి నలభై నాలుగు. ఇరవై ఏళ్ళుగా కాజాలు కుడుతోంది. మా వాడు లారీ నడుపుతాడు, నెలలో పది రోజులు కనపడితే గొప్ప, కాబట్టి అది మా ఇద్దరితోనే బతుకు ఈడుస్తోంది. ఒకరోజు సూదిలో దారం ఎక్కిస్తూ, "కోపం తెచ్చుకోకండి అత్తయ్యా. మందులు మంచివే, కాదనను. కానీ మీరంతా ఇలా నిక్షేపంగా ఉంటే, నేను మిషన్ ఎక్కేసరికి నాకు అరవై దాటతాయి. అప్పుడు నాకు పెడల్ తొక్కే ఓపిక ఎక్కడిది?" అంది.

"మోకాళ్ళకి కూడా స్టీలువి పెడతార్లే" అన్నాను.

ఇద్దరం పడీ పడీ నవ్వాం. బల్ల దగ్గర నుంచి అమ్మ, "అక్కడ నవ్వులేనా, పనేమైనా ఉందా?" అని కేకేసింది.

కొన్ని నెలలుగా నాకు ఇంకో సంగతి జరుగుతోంది. మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి బల్ల మీద పడే వేళకి, మిషన్ చప్పుడు మెల్లగా దూరం జరిగిపోతుంది. పక్క వీధిలో ఎవరో కుడుతున్నట్టు వినపడుతుంది. గాల్లో తేలే నూలు పోగులు ఎక్కడివక్కడ ఆగిపోతాయి. నా చేతుల కింద బట్ట దానంతటదే జారుతూ ఉంటుంది, అది నేను కుడుతున్నదో, కుట్టేసిందో తెలియదు. ఒక్కోసారి బల్ల దగ్గర అమ్మకి బదులు అమ్మమ్మ ఉంటుంది. నాకు పన్నెండేళ్ళు ఉంటాయి. అమ్మమ్మ తల ఎత్తకుండా, "పాపా, ఆ సుద్ద ఇలా ఇవ్వు" అంటుంది. సుద్ద అందించబోతే కోడలు, "అత్తయ్యా, ఎవరికిస్తున్నారు?" అని నా భుజం కదుపుతుంది. వయసు మీద పడ్డాక ఇవన్నీ మామూలే అనుకున్నాను. ఎవరికీ చెప్పకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ కాసేపూ నాకు హాయిగా ఉండేది.

అంతలో ఆస్పత్రి నుంచి అమ్మకి పిలుపొచ్చింది. బ్యాటరీ ఇంకో మూడు నెలలకి మించి రాదు, మార్చాలి. చిన్న ఆపరేషనే గానీ తొంభై ఒక్క ఏళ్ళ ఒంటికి చిన్నదంటూ ఏదీ ఉండదు, ఇంట్లో అందరూ ఆలోచించుకోండి అన్నారు. అంగీకార పత్రం మీద రోగితో పాటు దగ్గర బంధువు సంతకం కూడా కావాలన్నారు. అమ్మ అక్కడికక్కడే, కింద గీత కూడా లాగి మరీ సంతకం పెట్టేసింది. నా సంతకానికి కళ్ళద్దాలు లేవని చెప్పి, కాగితం ఇంటికి తెచ్చుకున్నాను.

తొమ్మిది రోజులు అది నా చేతిసంచిలోనే ఉంది. బియ్యం తేవడానికి వెళ్తే నాతో వచ్చింది, దారాలు కొనడానికి వెళ్తే నాతో వచ్చింది. పొద్దున్నే తీసి చూసేదాన్ని, మళ్ళీ మడిచి పెట్టేసేదాన్ని. అమ్మ పోవాలని నాకు లేదు. అమ్మ ఆ బల్ల దగ్గర నుంచి జరగాలని మాత్రం ఉంది. మా దుకాణంలో ఆ రెండూ ఒకటే. ఛీ, నేనేం మనిషిని అని నన్ను నేనే తిట్టుకుంటూ, సంచి భుజానికి తగిలించుకుని తిరిగాను.

పదో రోజు పరీక్షలకి రమ్మన్నారు. కాగితం అక్కడే, వాళ్ళ ముందే పెట్టేద్దాంలే అనుకుని బయల్దేరాను. రెండో అంతస్తు వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు, ఫినాయిల్ వాసన, గోడ మీద నిమిషానికోసారి మారే నంబర్ల బోర్డు. అమ్మ కూర్చోలేదు. లిఫ్టు దగ్గరున్న కాపలా ఆయన కోటు భుజం వంకరగా ఉందట, అది చెప్పకపోతే ప్రాణం ఊరుకోదట. వెళ్ళి ఆయన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, టేపు తేనందుకు తెగ బాధపడిపోతోంది.

నర్సు బయటికొచ్చి, "తొంభై ఒకటి, పేస్‌మేకర్ పేషెంటు ఎవరండీ?" అంటూ కుర్చీల వైపు చూసింది. వంగిపోయి కూర్చున్న నేను కనపడ్డాను. ఇంకెవరిని అనుకుంటుంది! "రండి మామ్మగారూ, మెల్లగా... ఇలా వచ్చి పడుకోండి" అంది.

పడుకోండి. ఆ మాట నాతో ఎవరైనా అని ఎన్నేళ్ళయిందో. తెల్లటి దుప్పటి, పల్చటి దిండు, కిటికీకి నీలం తెర. నేను కాదమ్మా అని చెప్పడానికి నోరు తెరిచాను. ఈలోగా నా చెప్పులు ఆ పిల్లే విప్పేసింది. ఒక్క ఐదు నిమిషాలు, అంతే, అనుకుని ఒరిగాను.

ఛాతీ మీద, మణికట్ల మీద చల్లగా ఏవో అంటించారు. నీలం తెర అలా ఊగుతూ ఊగుతూ ఆగిపోయింది. బల్ల దగ్గర అమ్మమ్మ ఉంది. బట్ట కోస్తోంది. ఎంత కోసినా తరగని బట్ట అది, బల్ల మీంచి జారి, గడప దాటి, వీధి పొడవునా పరుచుకుని పోతోంది. అమ్మమ్మ వెనక అమ్మ నిలబడి ఉంది, పడుచుదిగా, చేతులు కట్టుకుని. అమ్మ వెనక నేను. నా వెనక కోడలు. కోడలి వెనక వీధిలోని జనమంతా. ఎవరికీ తొందర లేదు, ఎవరూ ఎవర్నీ తోయడం లేదు. అమ్మమ్మ కత్తెర బల్ల మీద పెట్టి, చీర దులుపుకుని, మాతో మాట్లాడకుండా బయటికి నడిచింది. అమ్మ ముందుకు జరగాలి. జరగలేదు. ఆ ఖాళీ చోటు వైపు చూస్తూ అలాగే ఉండిపోయింది. అమ్మా, వెళ్ళవే అనబోయాను.

"డాక్టర్ గారూ! పెట్టె ఆగిపోయినట్టుంది! ముప్పై ఆరే కొడుతోంది!"

కళ్ళు తెరిచేసరికి నా చుట్టూ నలుగురు. చిన్న వయసు డాక్టరమ్మ నా మెడ ఎముక కింద వేళ్ళతో నొక్కి వెతుకుతోంది. "ఇదేంటి, ఇక్కడ పెట్టే లేదు" అంది అయోమయంగా.

"నా మంచం మీద ఇదేం చేస్తోంది?" గుమ్మంలోంచి అమ్మ గొంతు. "పేషెంటుని నేనమ్మా తల్లీ. అది నా కూతురు."

నర్సు ముఖం పాలిపోయింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. లేవబోతే డాక్టరమ్మ భుజం పట్టి ఆపింది. కాగితం మీద గీతల వైపు చాలాసేపు చూసింది.

"మనిషి మారింది గానీ గీతలు మారలేదు. ఇది మీ గుండేగా. మధ్యమధ్యలో మగతగా ఉంటుందా? చుట్టూ ఉన్నవి దూరంగా జరిగిపోతున్నట్టు?"

"ఉంటుంది. హాయిగా ఉంటుంది" అన్నాను.

"అది హాయి కాదమ్మా. తలకి రక్తం అందడం లేదు. గుండె కొట్టాల్సిన దెబ్బల్లో సగం కొట్టడం లేదు. మీరు ఇంటికి వెళ్ళడానికి వీల్లేదు. ఇవాళే మీకూ పెట్టె పెట్టాలి. ఆలస్యమైతే ఏదో ఒకరోజు ఆ మగతలోంచి బయటికి రారు."

దగ్గర బంధువు సంతకం అన్నారు. మా వాడు లారీతో మూడు రోజుల దూరంలో ఉన్నాడు. నర్సు ఫోన్ తీసి, "ఇంట్లో ఇంకెవరున్నారు?" అంటుండగానే అమ్మ ఆ పిల్ల చేతిలోని నా అంగీకార పత్రం లాక్కుంది.

"మీరా మామ్మగారూ? రాసుకోవాలి, మీరేమవుతారు?"

"ఎన్నిసార్లు చెప్పాలే? తల్లిని."

నర్సు పైనున్నది చదివి వినిపించడం మొదలుపెట్టింది. రెండో వాక్యం పూర్తికాకముందే అమ్మ గోడకి ఆనించి సంతకం పెట్టేసింది. ఈసారి కింద గీత లాగలేదు.

అందరూ ఏర్పాట్లకి బయటికి వెళ్ళారు. ఇక ఆగలేకపోయాను.

"అమ్మా, నీ కాగితం నా సంచిలోనే ఉంది. నేను సంతకం పెట్టలేదు."

"తెలుసు. వక్కపొడి కోసం వెతుకుతుంటే కనపడింది."

"మరి అడగలేదే?"

"అడిగితే జడిసి పెట్టేస్తావు. అదెందుకు నాకు?" అమ్మ మంచం అంచున కూర్చుంది. కాసేపు దుప్పటి కుట్టు వేలితో తడిమి చూసింది. "మా అమ్మకి యాభై రెండే. జ్వరం. ఇవాళైతే వారం రోజులు మాత్రలు మింగి లేచి కూర్చునే జ్వరం. అప్పుడు ఆ మాత్రలు లేవు. మంచం పక్కన కూర్చుని కూడా నేనేం ఆలోచించానో తెలుసా? బల్ల మీదున్న నీలం కోటు నేనైతే ఎలా కోస్తానా అని. పోయింది. నా వంతు వచ్చింది, ముప్పై నాలుగేళ్ళకే. ఆ నీలం కోటే కోశాను. భుజం తప్పింది. తిడుతుందేమోనని తలెత్తి చూశాను. ఎవరున్నారు? యాభై ఏడేళ్ళయిందే, నన్ను తిట్టేవాళ్ళు లేక."

నేను అమ్మ చెయ్యి పట్టుకున్నాను.

"నీకు అలాంటి రోజు రాకూడదని అక్కడ నిలబడ్డాను. పిచ్చిమొద్దు, కత్తెర నువ్వొక్కసారి అడిగుంటే ఇచ్చేదాన్ని కదే! నేను పోయాక తీసుకోవాలని చూశావు. నేనుండగా కోసి నా చేత తిట్లు తినొచ్చని నీకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. మా అమ్మ పెట్టిన పద్ధతి యాభైకి పోయేవాళ్ళకి సరిపోయింది. డాక్టర్లు మనకి ఇన్నేళ్ళిస్తే మనం ఏం చేశాం? వరుసలో నిలబడ్డాం, అంతే."

ఆ మాటకి నేను దాచుకున్నదంతా బయటపడింది. వెక్కి వెక్కి ఏడ్చాను. ఒంటి మీది తీగలన్నీ ఊగాయి. పక్కనున్న మిషన్ గోల పెట్టింది. "ఊరుకో, ముందే సగం కొడుతోందట" అని అమ్మ నా ముక్కు తన కొంగుతో తుడిచింది. సంచిలోంచి కాగితం తీయించి, పడుకునే సంతకం పెట్టాను. వంకరటింకరగా వచ్చింది. అమ్మ దాన్ని ఊది, మడిచి, జాకెట్లో పెట్టుకుంది.

మంచాన్ని తోసుకుంటూ వరండాలోకి తెచ్చారు. ట్యూబు లైట్లు ఒకటొకటిగా పైనుంచి జారిపోతున్నాయి. ఆ హాయి మళ్ళీ వస్తోంది, చక్రాల చప్పుడు పక్క వీధిలోకి వెళ్ళిపోతోంది. ఇదివరకైతే దానితో పాటు వెళ్ళిపోయేదాన్ని. ఈసారి గుండె జల్లుమంది. తల తిప్పి చూశాను. వరండా చివర అమ్మ ఒక్కతే నిలబడి ఉంది, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు. తల్లిని పోగొట్టుకున్న మనిషి. నేను కూడా ముందే పోతే అమ్మ గతేంటి?

డాక్టరమ్మ పక్కనే నడుస్తోంది. ఆ పిల్ల చెయ్యి దొరకబుచ్చుకున్నాను.

"ఎలాగైనా నన్ను బతికించు తల్లీ. మా అమ్మ ఇంకా ఉంది."