తనది కాని మ్రొక్కుబడి

ఎర్రగుంట్ల స్టేషనులో బండి కదలగానే జయపాల్ ఇంటికి ఫోను చేసేవాడు. "ఎర్రగుంట్ల దాటినా" అన్న ఆ ఒక్క మాట మీదనే ప్రొద్దుటూరు శివారులోని ఆ ఇంట సాయంకాలమంతా నడిచేది. అది వినగానే భార్య ఎస్తర్ అత్తగారికి ఇన్సులిన్ సూది వేసేది. కూతురు జ్యోతి చాప పరిచేది. కడపలో కొలువు ముగించుకొని, రైలు దిగి, మోటారు సైకిలు మీద అతడు గడప తొక్కేసరికి కంచాలు సిద్ధంగా ఉండేవి. అతడు మోకరించి ప్రార్థన చేసేవాడు. అటుపిమ్మటనే తల్లి జ్ఞానమ్మ మొదటి ముద్ద నోట పెట్టేది.

ఇంటి పెద్ద ప్రార్థించనిదే అన్నం ముట్టరాదన్నది జమ్మలమడుగు మిషను ఆవరణలో పుట్టి పెరిగిన ఆమె నియమం. భర్త ఆనందయ్య ఊరూరా తిరిగి వాక్యం చెప్పిన ఉపదేశి. ఆయన కన్నుమూసిన నాడే ఆ పెద్దరికం కొడుకు భుజాన పడింది.

ఆనాడు కూడా జయపాల్ ఆ మాట చెప్పాడు. చెప్పిన కొంతసేపటికే బండి పొలాల నడుమ నిలిచిపోయింది.

ఎదుటి బల్ల మీద కూర్చునే అబ్దుల్ సత్తార్ తలుపు దగ్గరికి పోయి విచారించి వచ్చాడు. కడపలో కుట్టుపని చేసి, రోజూ జమ్మలమడుగు చేరుకొనే పెద్దమనిషి ఆయన.

"గేటు కాడ నాపరాళ్ల లారీ పట్టాల మీదనే ఇరుసు ఇరిగి కూలబడిందంట. రాళ్లు దించాల, లారీని లాగాల, ఆ తర్వాత మనం. ఈ పొద్దుకు మనకిదే అత్తగారిల్లు" అని నవ్వాడు.

జయపాల్ నవ్వలేదు.

"ఏందప్పా, మొగం అట్ల పెట్టినావు?"

"మాయమ్మకు సూది ఏసేసింటారు మామా."

"ఏస్తే మంచిదే గదా."

"సూది ఏసినంక జాప్యం లేకుండా తినాల. నేను పోయి ప్రార్థన చేయందే ఆయమ్మ తినదు."

సత్తార్ నవ్వు ఆగిపోయింది. "ఫోన్ చేసి తినమని చెప్పు మరి."

జయపాల్ చేశాడు. ఫోను మ్రోగి మ్రోగి ఊరకుంది. మరల చేశాడు. మరల ఊరకుంది. కడచిన చలికాలంలో ఒకమారు ఇట్లే ఆలస్యమై, ఆమెకు చెమటలు క్రమ్మి, కనుగుడ్లు పైకి పోయాయి. ఆసుపత్రిలో డాక్టరమ్మ అతణ్ణి పక్కకు పిలిచి, ఈసారి ఇట్లా జరిగితే మనిషి దక్కదని నిష్కర్షగా చెప్పింది. దిగి నడుద్దామా అంటే బయట వానకు తడిసిన నల్లరేగడి. అడుగు పెడితే కాలు పైకి రాని నేల. ఊరు కనుచూపు మేరలో లేదు.

ఈ ప్రయాణం నుండి బయటపడే దారి అతని చేతిలోనే ఉన్నది. తమ శాఖ పులివెందుల కార్యాలయంలో సమానమైన ఉద్యోగం చేసే కమాల్ బాషా, తమ స్థానాలు మార్చుకుందామని నెల్లాళ్లుగా అడుగుతున్నాడు. బాషా కుటుంబం కడపలో. అతడు మాత్రం పులివెందులలో అద్దె గదిలో కాలం వెళ్లదీస్తున్నాడు. జయపాల్ కాపురాన్ని పులివెందులకు మార్చుకుంటే ఆఫీసు వెనుకనే క్వార్టరు, మధ్యాహ్నం కూడా ఇంటి భోజనం. రైలు ముఖం చూడనక్కరలేదు. రేపు ఉదయమే దరఖాస్తు పెట్టాలి. అయితే ఎస్తర్ జమ్మలమడుగు బడిలో పంతులమ్మ. ఏళ్ల తరబడి కాచుకుంటే నిరుడు స్థిరపడిన కొలువు అది. ప్రొద్దుటూరు నుండి బస్సులో పోయిరావచ్చును గాని, పులివెందుల నుండి పొసగదు. "నన్ను అడగకుండా ఊ అనొద్దండి" అని ఆమె మాట తీసుకొన్నది. అతడు ఇచ్చాడు.

మూడవసారి కూడా ఫోను ఎవరూ ఎత్తలేదు.

జయపాల్ తల వంచి, కిటికీ ఊచ గట్టిగా పట్టుకొన్నాడు. ఆపద వచ్చినప్పుడు మ్రొక్కుకోవడం అతని వంశంలో తాతల నాటి అలవాటు. మ్రొక్కు పలికిన పిమ్మట తడవు చేయరాదన్నది దాని వెంట వచ్చిన భయం. "ప్రభువా, మా అమ్మను నిలబెట్టు. పులివెందులకు పోతాను. ఈ బండి మళ్లా ఎక్కను." పెదవుల మీది మాట ఆరకముందే అతడు కమాల్ బాషాకు ఫోను చేశాడు.

"బాషా, రేపు కాగితం పెట్టు. నాకు సమ్మతమే."

అవతల నుండి వినబడిన సంతోషం సత్తార్ దాకా వచ్చింది. ఆయన కొంచెం సేపు తన గోళ్ల వంక చూచుకొని, మెల్లగా అడిగాడు.

"ఇంట్లో అడిగినావా అప్పా?"

"దేవునికి చెప్పినా మామా."

"ఆయన సరేననే అంటాడులే. నేను మీ ఇంటామె సంగతి అడుగుతాండా."

జయపాల్ కిటికీ వైపు తిరిగాడు. బయట రాళ్లు దించే కూలీల కేకలు. ఒక్కొక్క రాయి నేలకు తాకిన చప్పుడు అతని గుండె మీద పడినట్లే ఉండినది. ఎప్పటికో బండి కుదుపుతో కదిలింది.

ఇల్లు చేరేసరికి వీధి తలుపు బార్లా తెరచి ఉంది. గడప లోపల నేలంతా చక్కెర. గోడకు చేరగిలబడి జ్ఞానమ్మ కూర్చున్నది. తడిగుడ్డతో జ్యోతి ఆమె మెడ తుడుస్తున్నది. ముందున్న కంచం ఖాళీ. ఎస్తర్ జుట్టు ముడి వీడి భుజాల మీద పడింది.

"ఫోన్ ఎత్తలేదేంది?" అన్నాడు జయపాల్.

"ఎత్తేదానికి నాకూ జ్యోతికీ చెయ్యి యాడుంది? అత్త వణుకుతాంది, నోరు తెరవదు. చక్కెర పోస్తే చేత్తో కొట్టేసింది, నా కొడుకు రానీ అని. ఇంక చూసి చూసి నేనే మోకాళ్లూని ప్రార్థన చేసినా. ఏం పలికినానో నాకే తెలీదు. ఆమెన్ అంటానే అత్త గూడా ఆమెన్ అనింది. అనినంక తినక ఏం చేస్తాది?"

"కోడలు శానా పొట్టిగా చేసింది" అన్నది జ్ఞానమ్మ నీరసంగా. "నీ మాదిరి సాగదీయలే. అన్నం వేడి మీదనే తిన్యా."

జ్యోతి ఫక్కున నవ్వింది. జయపాల్ కూలబడి తల్లి పాదాలు పట్టుకొన్నాడు. ఆ పట్టుతోనే, మ్రొక్కిన సంగతి, బాషాకు మాట ఇచ్చిన సంగతి బయటపెట్టాడు.

ఎస్తర్ చేతిలోని చీపురు అట్లే నిలిచిపోయింది.

"నాకు మాటిచ్చినారు గదండీ."

"అమ్మ ప్రాణం ఎస్తర్. ఆ గడియలో ఇంకేం తోచలేదు."

"మీరు బండిలో మొక్కుతాంటే, ఈడ నేను అత్తను పట్టుకోని కూర్చున్యా. నా బడి నేను పోగొట్టుకోవాల్న?"

"దేవునికి ఆడిన మాట. ఎట్ల తప్పేది?"

జ్ఞానమ్మ గోడ పట్టుకొని నిటారుగా కూర్చున్నది.

"నాయనా, కోతల పండగనాడు పక్కింటోళ్ల కోడిని పట్టుకొచ్చి గుడిలో కానుకిస్తే, మీ నాయన తీసుకుంటాండెనా?"

"లేదు."

"కోడిని ఇడిపించి, తెచ్చినోణ్ణి నాలుగు చివాట్లు పెట్టి పంపుతాండె. కోడలి కొలువు నీ కోడా, మొక్కేదానికి?"

"మరి నేనేం ఇయ్యాలమ్మా?"

"నీదేముందో అది ఇయ్యి. పెద్దరికం ఉంది గదా. దాని మీద నాకూ నీకూ శానా మోజు. ఈ పొద్దు అదే నన్ను సంపుతాండె. రేపటి నుంచి నీ ఫోన్ కోసం ఈడెవరూ కాచుకోరు. కోడలు ప్రార్థన చేస్తాది, మేం తింటాం. నువ్వు వచ్చినప్పుడు వస్తావు."

జయపాల్ తలెత్తి ఆ చాప వంక, దాని మొదటనున్న తన తావు వంక చూశాడు. పగలంతా ఎవరి ఆజ్ఞకో తలవంచి, రెండు పూటలా రైలుకు అప్పగించుకొన్న బ్రతుకులో తనకంటూ మిగిలిన గౌరవం అది ఒక్కటే. పులివెందులకు పోతే అది పదిలంగా ఉంటుంది. ఎస్తర్ బడి పోతుంది. ఇక్కడ ఉంటే ఆమె బడి ఉంటుంది. తన తావు పోతుంది, రైలు మాత్రం మిగులుతుంది. ఎస్తర్ అతణ్ణి బ్రతిమాలలేదు, గద్దించలేదు. చక్కెర ఊడ్వడం ముగించి, చీపురు మూలన పెట్టి, గుమ్మంలో నిలబడింది.

అతడు వసారాలోకి పోయి బాషాకు ఫోను చేశాడు.

"బాషా, ఆ కాగితం పెట్టొద్దప్పా. నేను రాలేను."

"ఏందప్పా ఎగతాళా? ఇందాకనే గదా నువ్వు సరేనంటివి. ఇంట్లో చెప్పేసినా. మిఠాయి కూడా పంచేసినారు."

"తప్పు నాదే. నాది కాని దానికి మాటిచ్చినా."

"నేను మళ్లా చెప్పలేనప్పా. మా యింటామెను లైన్లో కలుపుతా, నువ్వే చెప్పు" అన్నాడు బాషా.

జయపాల్ వెనుదిరిగి ఎస్తర్ ముఖం చూశాడు. ఆమె చూపు మరల్చలేదు.

"సలాం అన్నా" అన్నది బాషా భార్య రిహానా, కడప నుండి. గొంతు నిండా ఉత్సాహం. "మీ దయవల్ల మా ఇల్లు ఇల్లయితాంది."

అతడు చెప్పాడు. ఏదీ దాచకుండా, తల్లి సూదితో మొదలుపెట్టి, భార్య కొలువు దాకా అంతా చెప్పాడు. విన్నంతసేపూ ఆమె ఊకొట్టింది. ముగిసేసరికి ఆమె గొంతులో ఆ ఉత్సాహం లేదు.

"అమ్మ ఇప్పుడు బాగుందా?" అని అడిగింది.

"బాగుందమ్మా. తినింది."

"మీరు తిన్నారా అన్నా?"

"ఇంకా లేదమ్మా" అన్నాడు జయపాల్.