కత్తెర బాబాయి గంధరాజం

సెలూన్ మూసి ఇంటికొచ్చినా కత్తెర బాబాయి చేతులు ఊరుకోవు. చెవుల మీదికి జుట్టు దిగిన మనిషి ఎదురైతే చాలు, మాట మనిషితో, చూపు జుట్టు మీద. అలాంటివాడి వాకిట్లో పొద పెంచడమంటే పిల్లి ముందు పాలగిన్నె పెట్టడమే.

పొద పిన్నిది. పోయిన తల్లి ఇంటినుంచి కొమ్మ తెచ్చి నాటుకున్న గంధరాజం. తర్వాత ఆ ఇల్లు కొన్నవాళ్లు అక్కడి చెట్టు కొట్టేశారు. ఇక అమ్మ ఇంటి వాసన ఎక్కడైనా మిగిలిందంటే ఈ పొదలోనే. అదేమో ఏళ్లు గడిచినా ఒక్క పువ్వు పూయలేదు. నీళ్లు పడలేదనుకుంది, మట్టి మంచిది కాదనుకుంది, చివరికి తన చెయ్యే మంచిది కాదనుకుని కుమిలిపోయింది. బాబాయి కూడా పాపం బాధపడ్డాడు. బాధపడుతూనే వారం వారం పొదను గుండ్రంగా, ముద్దొచ్చేలా కత్తిరించాడు.

ఒకరోజు గాలికి ఎగిరిపడ్డ తువ్వాలు కోసం పిన్ని గోడకూ పొదకూ మధ్య దూరింది. అక్కడ, కత్తెర అందని కొమ్మ చివర, ఎప్పుడు పూసిందో ఏమో, ఎండిపోయిన పువ్వు. అరచేతిలో పెట్టుకుని చాలాసేపు వాసన చూసింది. ఏమీ రాలేదు. తర్వాత గుండ్రటి పొదను చూసింది. ఆ తర్వాత మొగుణ్ణి చూసింది.

"మొగ్గ తొడిగేది కొమ్మ చివర. ఇన్నాళ్లూ మీరు కోసి పారేసింది ఏమిటి?" అంది.

బాబాయి తేలు కుట్టిన దొంగలా లోపలికి వెళ్లాడు. కత్తెర తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

ఆపైన ఆయన పడ్డ యాతన పగవాడికి కూడా వద్దు. పొద ఇష్టారాజ్యంగా రేగింది. అందులో ఒక కొమ్మ మరీ బరితెగించి గేటు దారికి అడ్డంగా పొడుచుకొచ్చింది. బాబాయి అటు వీపు పెట్టి భోజనం చేసేవాడు. ఒకనాడు సెలూన్ కత్తెర జేబులో పడి ఇంటికొచ్చింది, ఎలా పడిందో ఆయనకే తెలియదట. పిన్ని గుమ్మంలోనే చెయ్యి చాచింది. ఇచ్చేశాడు.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున లేచి చూస్తే పిన్ని పొద దగ్గర కళ్లు మూసుకుని నిలబడి ఉంది. వాకిలంతా వాసన. పూసింది ఒకటే పువ్వు, అదీ ఆ బరితెగించిన కొమ్మకే.

"అమ్మ వంటింటి కిటికీ తీస్తే ఇదే వాసన," అంది. బుగ్గలు తడిగా ఉన్నాయి.

ఇన్నేళ్లూ ఆ కిటికీ మూస్తూ వచ్చింది తనేనని తెలిసి బాబాయికి గుండె కలుక్కుమంది. సెలూన్‌కి వేళయితే, ఆ కొమ్మ కింద తల వంచుకుని వెళ్లాడు.