గోడకి నేర్పిన దెబ్బ

ప్రతి ఆదివారం పొద్దున్నే అన్నయ్య ఇంటికి రంగులాయన వస్తాడు. బకెట్టు దింపి, హాలు గోడ వైపు చూసి, "ఈ వారం ఎన్నమ్మా?" అంటాడు. వదిన వేళ్ళు చూపిస్తుంది. ఆ ఇంట్లో వదినకి దెబ్బ పడితే గోడ కూడా కములుతుంది. అదే ఎత్తులో, అదే రంగులో. కొన్ని ఇళ్ళకి చెమ్మ పట్టినట్టు అదొక మామూలు సంగతి. రంగులాయన గొడవల్లా ఒక్కటే: "ఊదారంగు ఒక పూతకి లొంగదు తల్లీ."

ఆ ఆదివారం చెల్లెలు కూడా వచ్చింది. ఇళ్ళకి సెన్సర్లు బిగించడం ఆ పిల్ల పని. ఏది కదిలితే ఏ దీపం వెలగాలో, ఎవరొస్తే ఏ తలుపు తెరుచుకోవాలో ఫోనులో రాసిపెడుతుంది. చిన్నప్పుడు అన్నయ్య భుజాలెక్కి లోకం చూసిన పిల్ల. అందుకే అతను, "తలుపులన్నీ నా బొటనవేలికే తెరుచుకోవాలి, మీ వదిన వేలు వద్దు," అంటే, అబ్బ, కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంటున్నాడు అని మురిసిపోయింది. గోడ మీది మచ్చలు కూడా ఆ పిల్లకి సాయంత్రపు మబ్బుల్లాగే కనిపించేవి.

చివరికి హాలు గోడకి అదురు పట్టే సెన్సర్ అంటించింది, దొంగెవడైనా బద్దలుకొడితే తెలియాలని. దానికి ముందుగా ఒక దెబ్బ నేర్పాలి. పది సెకన్లే టైము.

"అన్నయ్యా, గట్టిగా ఒక్కటి కొట్టు."

కొట్టాడు. గోడని కాదు, టీ కప్పుతో పక్కనే నిలబడ్డ వదినని. కొట్టమంటే ఆ చేతికి తెలిసిన దారి అదొక్కటే. కప్పు బద్దలైంది. వదిన పెదవి చిట్లింది. గోడ మీద అరచేయంత మచ్చ నీలంగా ఉబికింది. సెన్సర్ పచ్చగా వెలిగింది.

"భలే, పట్టేసిందే!" అన్నాడు నిచ్చెన మీంచి రంగులాయన.

"అలవాటులో పడిపోయిందిలే," అని నవ్వాడు అన్నయ్య. "ఇప్పుడీ దెబ్బ పడగానే తలుపులన్నీ బిగుసుకుపోవాలి. రాసెయ్."

చెల్లెలు ఫోనులో 'మూసుకో' మీద వేలు పెట్టి ఆగింది. "చెరిపేసి మళ్ళీ నేర్పుదామా వదినా?"

వదిన కింద కూర్చుని పెంకులు ఏరుతోంది. తలెత్తకుండా, "వద్దమ్మాయ్. అదే ఉంచెయ్," అంది.

'మూసుకో' మీదున్న వేలు ఒక వరస కిందికి జరిగింది. 'తెరుచుకో' మీద నొక్కింది.

"అయిందా?"

"అయింది అన్నయ్యా."

అంతలో మిగిలిపోయిన పెంకొకటి అతని కాల్లో దిగింది. ఇంక చూడాలి. జుట్టు పట్టుకుని లేపి వదిన చెంప మీద కొట్టాడు. వీధి తలుపు తెరుచుకుంది. వేలు పెట్టి మూసి, వీపు మీద గుద్దాడు. వీధి తలుపు, పెరటి తలుపు, కిటికీలు తెరుచుకున్నాయి. అడ్డొచ్చిన చెల్లెల్ని తోసేశాడు. రంగులాయన బకెట్టు ఒలికింది. ఎంత గట్టిగా కొడితే అంత బార్లా. ఎండ నట్టింటిదాకా వచ్చేసింది. గోడ నల్లబడిపోయింది.

"కొట్టండి. ఆపారేం?" అంది వదిన, నెత్తురు ఉమ్మేసి.

అతనికప్పుడు అర్థమైంది. పిడికిలి గాల్లోనే ఆగిపోయింది. కొట్టకుండా మనిషిని ఎలా ఆపాలో ఆ చేతికి తెలియదు. ఆ సందులో వదిన చెప్పుల్లేకుండానే గడప దాటింది. వెనకాలే చెల్లెలు, రంగులాయన.

ఆ పిడికిలిని అతను గోడకేసి బాదాడు. బొటనవేలి తోలు ఊడివచ్చింది. దెబ్బలు ఆగిన నిమిషానికి తలుపులూ కిటికీలూ వాటంతటవే మూసుకున్నాయి.

లోపల్నుంచి తోలూడిన ఆ వేలే పెట్టాడు. ఎర్రదీపం. మళ్ళీ పెట్టాడు. ఎర్రదీపం. గోడని దబదబా బాదాడు. గోడకి తెలిసింది ఒక్క దెబ్బే, అది తినే మనిషేమో వీధిలో ఉంది.

"ఒసేయ్ చెల్లీ, తలుపు తియ్యవే!"

"నీ వేలికి తప్ప తెరుచుకోదన్నయ్యా. నువ్వే రాయించావు."

వదిన అప్పటికే మలుపు దాకా వెళ్ళింది. రంగులాయన వెనకనుంచి కేకేశాడు. "వచ్చే ఆదివారం ఎన్నమ్మా?"

వదిన వెనక్కి తిరిగింది. ఒక్క వేలు కూడా ఎత్తలేదు.