కాగితాలు లేని ఇంట్లో కాగితాలు తిన్నాను

నేను ఒక కాగితాలు నమిలే మిషన్ని. పుట్టింది చైనాలో, పెరిగింది అమెరికాలో ఒక లాయరు ఆఫీసులో. పళ్లు అరిగాయని వాళ్లు వీధిలో పడేస్తే, హోటల్లో దోసెలు పోసే బసవయ్య చంకనెత్తుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. చూడండి అదృష్టం, నాకూ వీసా లేదు, ఆయనకీ లేదు!

కూతురు తన్మయికి నాలుగేళ్లప్పుడు బసవయ్య, భార్య సుభద్ర అమెరికా చూసి పోదామని వచ్చి, వీసా గడువు దాటినా ఉండిపోయారు. అందుకే తన పేరూ అడ్రసూ ఉన్న కాగితం కనబడితే బసవయ్యకి చలిజ్వరం. కరెంటు బిల్లు, అద్దె రసీదు, పిల్ల మార్కుల కాగితం, అన్నీ నా నోట్లోకే. కొత్త అల్లుడికి కూడా అంత మర్యాద జరగదు.

ఈ ఏడు తన్మయికి కాలేజీలో సీటొచ్చింది. వీసా కాగితాలు లేని పిల్లలకి కేంద్ర ప్రభుత్వం పైసా ఇవ్వదు. ఈ రాష్ట్ర చట్టం మాత్రం, ఇక్కడి హైస్కూల్లో మూడేళ్లు చదివినట్టు రుజువు చూపిస్తే ఫీజుకి సాయం చేస్తుంది. వంతెన దాటి పక్క రాష్ట్రానికెళితే అదీ లేదు. అదే పిల్ల, అవే మార్కులు. నదికి ఏ ఒడ్డున నిలబడిందన్నదే ముఖ్యం. మనుషుల తెలివికి దణ్ణం పెడదామనుకున్నాను, చేతుల్లేక ఆగాను.

రెండేళ్లకి రుజువుంది. అంతకుముందు చదివిన చిన్న బడి మూతబడింది, రికార్డులు దొరకలేదు.

“నాన్నా, టెన్త్ మార్క్స్ షీట్ ఎక్కడ పెట్టావ్?”

బసవయ్య నా వైపు చూశాడు. నన్ను తల్లకిందులు చేసి, కత్తితో పళ్లు పీకాడు. “కక్కవే దరిద్రపుదానా! తిన్నదంతా కక్కు!”

ఏం కక్కను? గురువారం గురువారం నా పొట్ట ఖాళీ చేసి చెత్తబండికి ఇచ్చింది ఆయనే.

“దాన్నంటావేందయ్యా?” అంది సుభద్ర. “పోలీసులొస్తారని పిల్ల చదువుని నమిలించింది నువ్వు గదా!”

కాలేజీ ఆఫీసులో ఒక దారి చెప్పారు. తండ్రి తన పేరూ అడ్రసూ రాసి, పిల్ల ఆ ఏడాది ఇక్కడే చదివిందని ప్రమాణపత్రం ఇస్తే పరిశీలిస్తారట.

“వద్దు నాన్నా. అడ్రస్ ఇవ్వొద్దు. నేనూ నీ హోటల్లోనే చేరతాను.”

“ఊరుకో అమ్మడూ. నువ్వు దోసె పోస్తే పెనం లేచి పారిపోద్ది,” అన్నాడు బసవయ్య.

ప్రమాణపత్రం రాశాడు, ఇంటి నంబరుతో సహా. ఆ కాగితం నా పక్కనుంచే బయటికి వెళ్లింది.

మూడు వారాలైంది. పళ్లూడిన నేను గుమ్మం పక్కన చెత్తసంచుల మధ్య ఉన్నాను. తలుపు చప్పుడైతే ముగ్గురూ గుమ్మం వైపే చూస్తారు. వచ్చింది కాలేజీ ఉత్తరమో, ఆయన్ని తీసుకుపోయే మనుషులో.

ఇప్పుడే ఎవరో తట్టారు. తన్మయి లేచింది.

“నువ్వు కూర్చో తల్లీ,” అన్నాడు బసవయ్య, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. “నేను తీస్తా.”