లక్ష్మీనరసింహం గారి ఎడమ కన్ను

చోడవరంలో లక్ష్మీనరసింహం గారి మేడని హోటల్ చేశాక వంటకి నూకరత్నాన్ని పెట్టుకున్నారు. ఆవిడ చేసే పనసపొట్టు కూర కోసం ఆదివారాలు విశాఖపట్నం నుంచి కార్లలో జనం వచ్చేవారు. మూడు నెలలు గడిచాక, తన తల్లిని కూడా ఆ హాల్లో కూర్చోబెట్టి ఒక పూట భోజనం పెట్టాలని ఆమెకి కోరిక పుట్టింది.

తల్లి అచ్చియ్యమ్మకి డెబ్బై ఆరేళ్లు. పన్నెండేళ్లప్పుడు ఆ మేడలోనే అంట్లు తోమింది. మళ్లీ ఆ గుమ్మం తొక్కనని అనేదే గానీ ఎందుకో చెప్పేది కాదు. కూతురు పట్టుబడితే చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం వచ్చి, ఆకు ముందు కూర్చుంది.

ఎదురుగా గోడ మీద లక్ష్మీనరసింహం గారి ఫోటో. ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయి, ఆ వైపు చెంపంతా కాలిన మచ్చ. కింద బోర్డు మీద మేడ చరిత్ర. ఆయన మనవడు ఉమామహేష్ దాన్ని వారం వారం అతిథులకి స్వయంగా చెప్పేవాడు. మరిగే బెల్లం పెనంలో పడబోయిన కూలివాణ్ణి లాగబోయి తాతగారు కన్ను పోగొట్టుకున్నారని ఆ రోజూ చెప్పాడు. ఎవరో చప్పట్లు కొట్టారు.

అచ్చియ్యమ్మ లేచి నిలబడింది.

"ఆ కూలోడు మా అన్న రాము. ఆ కన్ను తీసింది నేను."

ఆవిడ ఎక్కడా గొంతు పెంచకుండా మొత్తం చెప్పింది.

అప్పటికి గోవాడ చక్కెర ఫ్యాక్టరీ కొత్త. రాము తన ఎకరం చెరుకుని లక్ష్మీనరసింహం గారి గానుగకి తోలకుండా ఫ్యాక్టరీకి బండి కట్టాడు. అతన్ని చూసి మరో పదిమంది కట్టారు. మర్నాడు పొద్దున్నే పాలేర్లు అతన్ని పొలంలోంచి జుట్టు పట్టి మేడ పెరట్లోకి ఈడ్చుకొచ్చారు. చెరుకు గడలు విరిగిపోయేదాకా కొట్టి, తర్వాత దుడ్డుకర్రలు తీశారు. పక్కటెముకలు విరిగిన చప్పుడు అంట్లు తోముతున్న చెల్లెలికి వినిపించింది. రాము తప్పయిందని అనలేదు. నా సెరుకు, నా బండి అని అదే మాట. అప్పుడు లక్ష్మీనరసింహం గారు స్వయంగా లేచి, అతని కుడిచేతిని గానుగ రోలర్ల మధ్యకి తోసి, ఎద్దుల్ని తోలమని అరిచారు. మోచేతి దాకా నుజ్జయింది. చెరుకు రసం కుండలోకి నెత్తురు కారింది.

పన్నెండేళ్ల గుంట తోముతున్న గిన్నె వదిలేసి, గానుగ పక్కన పొయ్యి మీద మరుగుతున్న బెల్లం పాకాన్ని పొడుగు గరిటెతో ముంచి ఆయన మొహాన కొట్టింది. పాకం నీళ్లలా జారిపోదు. అంటుకుని కాలుస్తుంది. ఆయన గోళ్లతో పీక్కుంటుంటే చర్మం ఊడి వచ్చింది.

ఆమె చెరుకు తోటల్లో పడి పరుగెత్తి, చీడికాడలో మేనత్త ఇంటికి చేరింది. రాము మూడో రోజున చచ్చిపోయాడు. అంట్లు తోమే గుంట చేతిలో కన్ను పోయిందని చెప్పుకోలేక లక్ష్మీనరసింహం గారు ఆ కూలివాడి కథ కట్టారు. అందుకే ఆమె కోసం ఎవర్నీ వెతకనివ్వలేదు.

అతిథుల్లో ఇద్దరు ఫోన్లలో వీడియో తీస్తున్నారు. ఉమామహేష్ మొహం కందిపోయింది. ముసలిదానికి మతి పోయిందంటూ అచ్చియ్యమ్మ జబ్బ పట్టుకుని గుమ్మం వైపు లాగాడు. ఆవిడ కదల్లేదు. రెండు చేతులతో తోసేశాడు. రాతి గడప మీద పడి ఆవిడ మణికట్టు విరిగింది, నుదురు చిట్లింది.

వంటింట్లోంచి వచ్చిన నూకరత్నం, చేతిలో ఉన్న ఇనప అట్లకాడతో అతని మూతి మీద కొట్టింది. రెండు పళ్లు రాలాయి. అతను ఆమె జుట్టు దొరకబుచ్చుకుని తల తీసుకెళ్లి స్తంభానికి మోదాడు, మళ్లీ మోదాడు. బల్లలు తిరగబడ్డాయి. జనం బయటికి పరుగెత్తారు.

"ఒదిలీరా దాన్ని."

ఉమామహేష్ తండ్రి గణపతిరావు పక్క గదిలోంచి గోడ పట్టుకుని వచ్చాడు. ఆయనకి ఎనభై ఏళ్లు. కొడుకు చెయ్యి వదిలేదాకా చూసి, అప్పుడు చెప్పాడు.

"ఆవిడ సెప్పింది నిజం. ఆ ఎద్దుల్ని తోలింది నేనే. నాకప్పటికి పదహారేళ్లు. నాన్న తోలమంటే తోలేను."

అచ్చియ్యమ్మ నేల మీంచే ఆయన్ని చూసింది.

"నాకు తెలుసు బాబూ. సూసేను."

ఆయన ఇంకేదో అనబోయాడు. ఆవిడ మొహం తిప్పుకుంది.

హోటల్ నెలరోజులు మూసేసి, బోర్డు తీసేసి మళ్లీ తెరిచారు. నూకరత్నం తలకి తొమ్మిది కుట్లు పడ్డాయి. ఆమె మళ్లీ అక్కడికి పనికి వెళ్లలేదు. ఇరువైపులా కేసులు నడుస్తున్నాయి.

కట్టు కట్టిన చేత్తో అచ్చియ్యమ్మ స్టేషన్‌కి వెళ్లిన రోజున, ఎస్సై హోటల్లో జరిగిన గొడవంతా రాసుకున్నాడు. పాతది కూడా రాయమంది ఆవిడ. అరవై ఏళ్లు దాటింది, చేయించిన పెద్దాయన పోయాడు, కేసు నిలవదని అతను మర్యాదగానే చెప్పాడు.

"కేసొద్దు బాబూ. ఆళ్లు గోడ మీద రాసుకున్నారు గదా. మా మాట కూడా ఒకసోట రాసుండాల. కన్ను నేనే తీసేనని కూడా రాయి."

అతను వేరే కాగితం తీశాడు. పేరు రాసి, చనిపోయేనాటికి రాముకి వయసెంత అని అడిగాడు.

"ఇరవై రెండు," అంది అచ్చియ్యమ్మ. హాల్లో గానీ ఆసుపత్రిలో గానీ ఏడవని మనిషి, అక్కడ ఆ కుర్చీలో కూర్చుని ఏడ్చింది. ఎస్సై కలం పట్టుకుని ఆవిడ ఏడుపు ఆగేదాకా ఆగాడు.